టైరు కింద చెక్క

జూన్ 4

సైకిలు పోయింది, పిల్ల దక్కింది. ఇవాళ్టికి అంతవరకే ఆలోచించాలి.

సాయంత్రం మావయ్య మా పిడుగుని స్కూలు నుంచి తీసుకొచ్చి, కారు ఎప్పటిలాగే ఇంటి ముందు వాలులో ఆపారు. పిడుగు దిగీ దిగగానే సైకిలెక్కి రెండు చుట్లు కొట్టి, దాన్ని రోడ్డు మీదే పడేసి మంచినీళ్ళ కోసం లోపలికి పరుగెత్తుకొచ్చింది. నేను గ్లాసు చేతికిస్తున్నాను. బయట ధామ్మని చప్పుడైంది. వెళ్ళి చూస్తే కారు దానంతటది కిందికి జారి, సైకిలు మీంచి వెళ్ళి, ఎదురింటి లాయరుగారి గేటుకి కొట్టుకుని నిలబడి ఉంది. లోపల ఎవరూ లేరు. మావయ్య మెట్ల మీద చెప్పులు విప్పుతూ, ఒక చెప్పు ఇంకా కాలికుండగానే అలా ఉండిపోయారు.

లాయరుగారు కారు కిటికీలోంచి తొంగి చూసి, "హ్యాండ్ బ్రేకు కిందికే ఉందండీ. వెయ్యలేదు" అన్నారు, కోర్టులో తీర్పు చెప్పినట్టు.

"వేశాను" అన్నారు మావయ్య. "నా చేత్తో వేశాను."

మా ఆయన ఆఫీసు నుంచి వచ్చి, విని, గేటు చూసి, సైకిలు చూసి, పిల్లని ఒకసారి గట్టిగా పట్టుకుని వదిలి, అప్పుడు అందుకున్నారు. "వేస్తే పైకి ఉండాలి కదా నాన్నా? అదేమన్నా మనిషా, అలిసిపోయి పడుకోవడానికి?"

మావయ్య నా వైపు చూశారు. నేను పిడుగు మోకాళ్ళకి దెబ్బలేమన్నా తగిలాయేమోనని చూస్తున్నాను. తగల్లేదని తెలిసినా చూస్తూనే ఉన్నాను.

జూన్ 5

తాళం మా ఆయన తీసేసుకున్నారు. "ఇకనుంచి మీరు కారు ముట్టుకోవద్దు నాన్నా. మీ వయసుకి ఇది మామూలే, మేమేం అనుకోం" అన్నారు. ఆ 'మేమేం అనుకోం' అన్న మాట లేకపోతే బాగుండేది. మావయ్య జేబులోంచి తాళం తీసి బల్ల మీద పెట్టి, భోజనం చెయ్యకుండా లేచిపోయారు.

ముప్ఫై ఏళ్ళు బస్సు నడిపిన మనిషి. బండి ఆపడానికి ఆయనకొక పద్ధతుంది. న్యూట్రల్, హ్యాండ్ బ్రేకు, టైరు కింద చెక్క. గేర్లో వదిలేస్తే డిపోలో ఎవడో తెలియక స్టార్ట్ చేసినప్పుడు బస్సు ఎగిరి ముందున్న మనిషి మీద పడుతుందట. అలా ఒకణ్ణి పోగొట్టుకున్నారట వాళ్ళ డిపోలో. నాకు డ్రైవింగ్ నేర్పింది మావయ్యే కాబట్టి నాదీ అదే అలవాటు, చెక్క ఒక్కటి తప్ప. మా ఆయన డ్రైవింగ్ స్కూల్లో నేర్చుకున్నారు, ఎక్కడ ఆపినా గేర్లో వదిలేసి దిగిపోతారు. దాని మీద తండ్రీకొడుకులకి ఎన్నిసార్లు వాదనైందో.

ఆ చెక్కని మానిపించింది నేనే. ఒకరోజు దాన్ని తన్నుకుని బోర్లా పడ్డాను. ఆ మంటలో "మావయ్యా, ఇది కారు, బస్సు కాదు. ఎక్కడికెళ్ళినా చంకలో చెక్కేసుకుని దిగుతారు, జనం నవ్వుతున్నారు" అన్నాను. ఆయన కూడా నవ్వి, మర్నాటి నుంచి మానేశారు. ఇప్పుడది నా టైలరింగ్ షాపు తలుపుకి అడ్డుగా ఉంది.

దానికీ దీనికీ సంబంధం లేదు. బ్రేకు వేసుంటే చెక్కతో పనేంటి?

జూన్ 7

సైకిలు బాగవదట. స్కూలుకి ఇక రోజూ నేనే దింపుతున్నాను. "తాతయ్యకి జ్వరమా?" అని అడిగింది పిడుగు. అవునన్నాను.

జూన్ 10

స్కూళ్ళు తెరిచిన కొత్త, యూనిఫాంల సీజను, చచ్చే తీరిక లేదు. అందుకే అలా జరిగింది.

షాపు ముందు కారాపి, గుడ్డ తానులు దింపుకుందామని వెనక తలుపు తీశాను. ఒక తాను భుజాన వేసుకున్నాను. రెండోది అందుకోబోతుంటే కారు నా చేతి కిందనుంచి మెల్లగా వెళ్ళిపోతోంది. తాను రోడ్డు మీద పారేసి, పరుగెత్తి, ముందు తలుపు లాగి, సగం లోపల సగం బయట ఉండి కాలితో బ్రేకు తొక్కాను. ఆగింది. చూస్తే హ్యాండ్ బ్రేకు కిందికి ఉంది.

వేసినట్టే గుర్తు. కానీ సగమే లాగి ఉంటాను. తల నిండా కొలతలే. ఇంతమంది పిల్లల నడుములూ భుజాలూ బుర్రలో పెట్టుకుని తిరిగే మనిషికి బ్రేకు గుర్తుంటుందా? దిగిన తర్వాత లోపల 'టక్'మని వినిపించినట్టనిపించింది గానీ, అది తాను అంచు తలుపుకి తగిలిన చప్పుడై ఉంటుంది.

ఎవరూ చూడలేదు. తెల్లగుడ్డ తానుకి మట్టంటింది, ఉతికితే పోతుంది.

ఇంట్లో చెప్పలేదు. చెప్పేంత పెద్ద విషయమేం కాదు. చెప్తే మా ఆయన "నువ్వు కూడానా?" అంటారు. నా తాళం కూడా పోతుంది. సీజన్లో తానులు నెత్తిన మోసుకురమ్మంటారా?

జూన్ 11

గేర్లో పెట్టి ఆపుతున్నాను.

జూన్ 13

మావయ్య స్టవ్ ఆపి వంటింట్లోంచి బయటికొచ్చి, మళ్ళీ వెళ్ళి చూసి, హాల్లో కూర్చుని, మళ్ళీ లేచి వెళ్ళారు. "ఆపేశారు మావయ్యా, నేను చూశాను" అన్నాను. "నువ్వు చూశావా? అయితే సరే" అన్నారు. నేను చూస్తేనే సరే అట.

ఇంట్లో అందరికీ పాత సంగతులన్నీ గుర్తొస్తున్నాయి. మా ఆయన వాళ్ళక్కకి ఫోన్ చేసి చెబుతున్నారు, "మొన్న కళ్ళజోడు నెత్తిన పెట్టుకుని ఇల్లంతా వెతికాడే, అప్పుడే అనుమానం వచ్చిందక్కా" అని. మావయ్య కళ్ళజోడు నెత్తిన పెట్టుకుని ఇల్లంతా వెతకడం నేను పెళ్ళైన కొత్తలోనే చూశాను. అప్పుడు అందరం పడీ పడీ నవ్వేవాళ్ళం. ఇప్పుడు అదొక లక్షణమట.

నాకు పనుందని, పిడుగుని నడిపించుకుని స్కూలుకి తీసుకెళ్ళమని మావయ్యని అడిగాను. కారక్కర్లేదు కదా, నడకే కదా అన్నాను. ఆయన వద్దన్నారు. "రోడ్డు దాటేటప్పుడు చెయ్యి పట్టుకోవడం మర్చిపోతే?" అన్నారు.

ఈ మనిషి మంచులో, వానలో బస్సు నిండా జనాన్ని కొండ దింపారు. ఒక్కరికి గీత పడలేదు. అలాంటిది పిల్ల చెయ్యి పట్టుకోవడం మర్చిపోతానేమోనంటారు. నాకు కళ్ళంట నీళ్ళొచ్చాయి. వంటింట్లోకి వెళ్ళిపోయాను.

జూన్ 14

షాపు దగ్గర టైరు కింద చెక్క కూడా పెడుతున్నాను. షాపు తలుపేమో గాలికి కొట్టుకుంటోంది.

జూన్ 16

మధ్యాహ్నం మావయ్య షాపుకొచ్చారు, ఎండలో నడుచుకుంటూ. కారు వెనక సందులో పెట్టాను. ఆయన చూడలేదు. పోనీలే మంచిదైంది అనుకున్నాను. నేను అనుకున్నమాట అది.

తలుపు రెండుసార్లు కొట్టుకుంది. "దీని అడ్డేదమ్మా?" అన్నారు. ఎక్కడో పడుంటుంది మావయ్యా అన్నాను.

నీళ్ళు తాగి, మిషను పక్కన స్టూలు మీద కూర్చుని, కాసేపు నేను కుట్టడం చూశారు. తర్వాత "అమ్మాయ్, ఒకసారి నీ కత్తెరిలా ఇవ్వు" అన్నారు.

నా కత్తెర నేనెవరికీ ఇవ్వను. గుడ్డ తప్ప ఇంకేం కోసినా పదును పోతుంది, ఇంట్లో ఊళ్ళో అందరికీ తెలుసు. మా ఆయన దాంతో పాల ప్యాకెట్ కోశారని రెండు రోజులు మాటల్లేవు. పిడుగు రంగు కాగితాలు కోస్తే వీపు విమానం మోత మోగింది. మావయ్యయితే ఆ కత్తెర దగ్గరికి కూడా వచ్చేవారు కాదు. కవరు చించాలన్నా "మహాతల్లి, తల తీసేస్తావు" అని పళ్ళతో చించుకునేవారు.

ఇచ్చేశాను. ఎందుకని కూడా అడగలేదు.

జేబులోంచి డ్రైవింగ్ లైసెన్సు తీశారు. ఫోటో ఉన్న వైపు ఒకసారి తుడిచారు. అడ్డంగా కోశారు. గట్టి ప్లాస్టిక్, ఒక్కసారికి తెగలేదు. మళ్ళీ నొక్కారు.

"ఉంచుకుంటే మళ్ళీ చెయ్యి లాగుతుందమ్మా. ఆ రోజు పిల్ల ఇంకాస్సేపు ఆడుకుని ఉంటే?" అన్నారు.

చెప్పాలని నోటిదాకా వచ్చింది. అంతలో కస్టమరొచ్చింది. 

అంతలో కాదు. కస్టమరు చాలాసేపటికి గానీ రాలేదు. ఆ చాలాసేపూ మేమిద్దరమే ఉన్నాం. నేను కాలర్లు తిప్పి కుడుతున్నాను. ఆయన స్టూలు మీద కూర్చుని ఉన్నారు.

ముక్కలు చెత్తబుట్టలో వేసి వెళ్ళారు. తీసి గుండీల డబ్బాలో పెట్టాను. కత్తెర సాన పట్టించాలి.

జూన్ 17

రాయడానికేం లేదు.

జూన్ 19

పిడుగు వాళ్ళ క్లాసు టీచరు డ్రెస్సు కొలతలివ్వడానికి వచ్చింది. బయట కారు చూసి, కింద చెక్క చూసి, "మీదీ ఇదే మోడలా? ఇంకా హ్యాండ్ బ్రేకు మార్పించలేదా?" అంది.

"మార్పించడమేంటండీ?"

"లోపల ఒక ముక్క అరిగిపోతోందట. బ్రేకు వేసి దిగినా, కాసేపటికి దానంతటదే పడిపోతోందట. ఈ మోడలు బండ్లన్నీ కంపెనీ వాళ్ళు వెనక్కి పిలిచి ఊరికే మార్చిస్తున్నారు. రీకాల్ అంటారు దాన్ని. మాకు ఫోన్ చేసి మరీ చెప్పారే, మీకు రాలేదా?"

మాకెలా వస్తుంది? మేం కొన్నది సెకండ్ హ్యాండ్. ఫోన్ మొదటి ఓనరుకి వెళ్ళి ఉంటుంది. ఆయనకేం పట్టింది?

టీచరే దగ్గరుండి చూపించింది. ముందద్దం కింద మూలన సన్నగా ఒక నంబరుంటుంది, ఛాసిస్ నంబరు. దాన్ని కంపెనీ వెబ్‌సైట్లో కొడితే ఆ బండి మీద ఏమన్నా రీకాల్ మిగిలి ఉందేమో చెప్పేస్తుంది. నేను వంగి చదువుతుంటే టీచరు నా ఫోన్లో కొట్టింది. ఎర్ర అక్షరాల్లో వచ్చింది: పార్కింగ్ బ్రేకు, భద్రతా లోపం, మరమ్మతు జరగలేదు. ప్రకటించిన తేదీ మేం కారు కొనకముందుది.

కొన్న రోజు సీట్లు నొక్కి చూశాం. పాటలొస్తున్నాయా లేదా చూశాం. పిడుగు హారను వంద మార్లు కొట్టి చూసింది. మావయ్యయితే కింద పడుకుని మరీ ఇంజను చూశారు. ఈ నంబరొకటి కొట్టి చూడాలని ఎవరికీ తోచలేదు. టీచరు కొలతలిచ్చేంత సేపు కూడా పట్టని పని.

కిందికి ఇంకో రెండు వాక్యాలున్నాయి. రిపేరయ్యే వరకు బండిని గేర్లో ఉంచండి, టైరు కింద అడ్డు పెట్టండి అని. అది చదివాక నాకిక కొలతలు తీయడం చేతకాలేదు. టేపు రెండుసార్లు కింద పడింది. రేపు రమ్మని టీచర్ని పంపేశాను.

జూన్ 20

షాపు మూసి సర్వీస్ సెంటర్‌కి వెళ్ళాను. బండి అక్కడ వదిలి, అద్దాల గదిలో కూర్చుని, లోపల జరిగేది చూశాను. సీట్ల మధ్య భాగం మొత్తం విప్పారు. సూపర్‌వైజరమ్మ నన్ను పిలిచి చూపించింది. బ్రేకు కడ్డీని పైకి లాగితే పళ్ళలో తగులుకుని పట్టి ఉంచే చిన్న కొక్కెం, చిటికెన వేలి గోరంత ఉంది. దాని అంచు నున్నగా అరిగిపోయింది. ఆవిడ కడ్డీ లాగి వదిలింది. నిలబడింది. మేమిద్దరం చూస్తూ నిలబడ్డాం. కాసేపటికి 'టక్'మని పడిపోయింది.

అదే చప్పుడు. తాను అంచు కాదు.

"పాత ముక్క కంపెనీకి పంపాలండీ, ఇవ్వలేం" అంటే ఫోటో తీసుకున్నాను. డబ్బులేం అడగలేదు. ఒక్కటి మాత్రం అడిగింది.

"మీ ఇంట్లో ఎవరికైనా ఇలా జారిందా? కంపెనీకి రాయాలి."

"మా మావయ్యగారికి."

"ఇంకెవరికైనా?"

"లేదండీ."

ఎందుకన్నానో తెలియదు. ఆవిడకి చెబితే నా సొమ్మేం పోయింది? ముక్కూ మొహం తెలియని మనిషికి కూడా చెప్పలేకపోయాను.

ఇంటికొచ్చి ఫోటో చూపించి అంతా చెప్పాను. మా ఆయన ఫోను చేతిలో పట్టుకుని, బొమ్మ పెద్దది చేసి, చిన్నది చేసి, "మరి నాకెప్పుడూ జారలేదే?" అన్నారు.

"మీరు గేర్లో వదుల్తారు కదా. న్యూట్రల్లో పెట్టి బ్రేకు మీద వదిలేది మేమిద్దరమే" అన్నాను. అన్నాక నాలుక కరుచుకున్నాను. మా ఆయన పట్టించుకోలేదు. మావయ్య సంగతి తెలియదు.

అప్పుడు మా ఆయన వెళ్ళి మావయ్య కుర్చీ పక్కన కింద కూర్చున్నారు. "నాన్నా, నోటికొచ్చినట్టు అన్నాను. ఊరంతా ఫోన్లు చేసి చెప్పాను. తప్పయిపోయింది" అన్నారు. ఈ మనిషి తప్పయిందనడం నేనిన్నేళ్ళలో వినలేదు. నాకంటే నయం.

"లేవరా, ఊరుకో. పిల్ల చూస్తోంది" అన్నారు మావయ్య. నా వైపు తిరిగి, "తెలిసిన వెంటనే చెప్పావు తల్లీ. అది చాలు" అన్నారు.

జూన్ 22

బ్రేకు కొత్తది. తాళం మళ్ళీ బల్ల మీద మావయ్య ముందు పెట్టారు మా ఆయన. రెండు రోజుల నుంచి అక్కడే ఉంది. ఇవాళ దుమ్ము తుడుస్తూ దాన్నెత్తి, తుడిచి, మళ్ళీ అక్కడే పెట్టాను.

స్టవ్ ఇంకా చూసొస్తూనే ఉన్నారు. పిడుగు "తాతయ్యా, నీ తప్పు కాదట కదా, రేపొస్తావా?" అంటే, "చూద్దాంలే" అన్నారు.

లైసెన్సు కోసేశానని మావయ్య చెబితే, మళ్ళీ తెచ్చుకుందామన్నారు మా ఆయన, పోయిందని రాసిస్తే కొత్తదిస్తారట. "పోలేదు కదరా. నేనే కోసుకున్నాను. అబద్ధం ఎలా రాస్తాను?" అన్నారు మావయ్య.

నేను అక్కడే బట్టలు మడత పెడుతున్నాను.

జూన్ 24

ఇక నావల్ల కాలేదు. పొద్దున మా ఆయన, పిడుగు వెళ్ళిపోయాక, గుండీల డబ్బా పట్టుకెళ్ళి మావయ్య ఎదురుగా కూర్చున్నాను. లైసెన్సు ముక్కలు రెండూ తీసి ఆయన చేతిలో పెట్టాను.

"నాకూ జారింది మావయ్యా."

"ఏంటమ్మా?"

"కారు. షాపు ముందు. బ్రేకు వేసే దిగాను, అయినా జారింది. ఎవరికీ చెప్పలేదు. తాళం లాగేసుకుంటారని భయపడ్డాను."

"ఎప్పుడు?"

"మీరు కత్తెర అడగకముందు."

ఆయన ముక్కలు రెండూ అంచుకి అంచు కలిపి చూసుకుంటున్నారు. సరిగ్గా కలవలేదు, రెండుసార్లు నొక్కి కోశారు కదా, అంచు వంకరగా ఉంది. తిడతారనుకున్నాను. తిడితే బాగుండును. కాళ్ళు పట్టుకుందామనుకున్నాను, ఆయన కాళ్ళు వెనక్కి తీసుకున్నారు.

"వాడు తాళం తీసుకున్న రోజు కూడా నేను బ్రేకు వేశాననే అనుకున్నానమ్మా" అన్నారు. "లాయరన్నప్పుడూ అంతే. వీళ్ళకేం తెలుసు బండి సంగతి అనుకున్నాను. నువ్వొక్కదానివే నా దగ్గర నేర్చుకున్నదానివి. నీ నోటంట ఏమొస్తుందో చూద్దామనే ఆ ఎండలో నీ షాపుకొచ్చాను. కత్తెర అడిగితే నా మీద ఎగురుతావనుకున్నాను. 'లైసెన్సు కొయ్యడానికి నా కత్తెరా, మీకేమన్నా పిచ్చెక్కిందా మావయ్యా' అంటావనుకున్నాను. నిజంగా కొయ్యాలని రాలేదమ్మా నేను."

నేను డబ్బాలో గుండీలు కదుపుతున్నాను.

"మాట్లాడకుండా ఇచ్చేశావు. ఓహో, ఈ పిల్లక్కూడా తెలిసిపోయింది, ఇక నా పని అయిపోయినట్టే అనుకున్నాను. అప్పుడు కోశాను."

ముక్కలు నా గుండీల డబ్బాలోనే వేసి, మూత పెట్టి ఇచ్చారు. లేచి వంటింట్లోకి వెళ్ళారు. స్టవ్ దగ్గర నిలబడ్డట్టున్నారు.

జూన్ 25

రాత్రి మా ఆయనకీ చెప్పాను. ఆయన నాతో మాట్లాడటం లేదు. మాట్లాడకపోవడమే న్యాయం. సర్వీస్ సెంటర్‌కి ఫోన్ చేసి "ఇంకొకరికి కూడా జారిందండీ, నాకే" అని చెప్పాను. రాసుకున్నారు.

పొద్దున పిడుగుని తీసుకుని బయల్దేరబోతుంటే మావయ్య గేటు దాకా వచ్చారు. కొత్త బ్రేకే అయినా నేను నిన్నటి నుంచి ఇంటి దగ్గర కూడా చెక్క పెడుతున్నాను. ఆయన వంగి టైరు కింద నుంచి చెక్క తీశారు. "తాతయ్యా, ఎక్కు" అంది పిడుగు, పక్క సీటు తట్టి. నేనూ తలుపు తెరిచే ఉంచాను. ఆయన ఆ తలుపు మూసి, సరిగ్గా పడిందో లేదో లాగి చూసి, మళ్ళీ ఒకసారి లాగి చూసి, బస్సుని తట్టినట్టు కారు వీపు మీద రెండుసార్లు తట్టారు.

"రైట్" అన్నారు.

పోనిచ్చాను. మలుపు తిరిగేటప్పుడు అద్దంలో చూశాను. చెక్క చేత్తో పట్టుకుని ఇంకా రోడ్డు మీదే నిలబడి ఉన్నారు.